పదో మనిషి కోసం

ప్రశ్న:

అమ్మా, నమస్కారం. మాది ఖమ్మం జిల్లా. పద్దెనిమిదేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాము. మా పక్కింటివారు యూదులు, ఆచారాన్ని గట్టిగా పాటించే కుటుంబం. గత నెలలో ఆ ఇంటి పెద్దాయన కాలం చేశారు. ఏడు రోజులపాటు వారి వీధి తలుపుకు గడియ పడలేదు. పొద్దునా సాయంత్రమూ మనుషులు వస్తూనే ఉన్నారు. వారి రబ్బీ రోజూ వచ్చి, పెద్దగా ఏమీ మాట్లాడకుండా ఒక మూల కూర్చుని వెళ్ళేవారు. నేను కూడా మా ఆవిడ చేసిన పులిహోర పట్టుకుని వెళ్ళాను. దానిని గౌరవంగానే తీసుకున్నారు గాని ఎవరూ ముట్టలేదు. నేను పలకరించబోతే ఒకరు మెల్లగా కూర్చోమని సైగ చేశారు. ఏదో తప్పు చేశానేమోనని ఇప్పటికీ బాధగా ఉంది.

నిరుడు మా అమ్మ పోయింది. నేను ఊరు చేరేసరికి దహనం అయిపోయింది. తిరిగి వచ్చాక నా ఫోనుకు మూడు వందల సందేశాలు వచ్చాయి, ఇంటికి వచ్చినవారు మాత్రం ఇద్దరు. ఇప్పుడు మా పట్టణంలోని తెలుగు సంఘానికి నన్ను అధ్యక్షుడిగా ఉండమంటున్నారు. రబ్బీ అంటే మన పురోహితుడి వంటివాడా, గురువు వంటివాడా? అంతమందిని అలా కలిపి ఉంచే శక్తి వారి నాయకత్వానికి ఎక్కడినుంచి వస్తుంది? దానిలో మేము నేర్చుకోగలిగినది ఏదైనా ఉందా?

సమాధానం:

మీ ఉత్తరం పైకి యూదుల నాయకత్వాన్ని గురించి అడుగుతున్నా, దాని అడుగున మీ అమ్మగారి మరణం ఉంది. చివరి చూపు దక్కని కొడుకు పక్కింటి తెరిచిన తలుపును ఏడు రోజులపాటు చూస్తూ ఉండడం ఎంత బరువైన సంగతో నేను ఊహించగలను. అందుచేత ఈ రెండింటినీ వేరు చేయకుండానే జవాబు రాస్తాను. ముందుగా పులిహోర సంగతి, ఎందుకంటే అది మిమ్మల్ని ముల్లులా గుచ్చుతున్నట్టు కనబడుతోంది.

మీ తప్పేమీ లేదు, వారు చేసిన అవమానమూ లేదు. ఆచారం పాటించే యూదులు కోషర్ అనే ఆహార నియమానికి కట్టుబడి ఉంటారు. మాంసాన్నీ పాల పదార్థాలనూ వారు కలపరు, వాటికి వాడే పాత్రలను కూడా విడివిడిగా ఉంచుతారు. కాబట్టి పదార్థం శాకాహారమే అయినా, ఆ నియమం లేని వంటింట్లో వండినది వారు తినలేరు. మన ఇళ్ళలోని మడి మీకు గుర్తు రావచ్చు. అయితే మన మడిలో సాటి మనిషిని దూరం పెట్టిన చేదు చరిత్ర కూడా ఉంది గనుక ఆ పోలికను నేను ఎక్కువ దూరం తీసుకుపోను. కోషర్ ప్రధానంగా పదార్థానికీ పాత్రకూ సంబంధించిన నియమం. మీరు తెచ్చినదాన్ని వారు గౌరవంగా అందుకోవడంలోనే మీకు చెప్పవలసిన కృతజ్ఞత అంతా ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ముక్కలుగా కోయని పండ్లు తీసుకువెళ్ళండి.

మరణం సంభవించిన ఇంట ఖననం తరువాత మొదటి భోజనం ఆ ఇంటివారు వండుకోకూడదు, ఇరుగుపొరుగువారే తేవాలి అన్నది యూదుల నియమం. చావు ఇంట పొయ్యి వెలిగించనివ్వక వియ్యాలవారో పక్కింటివారో వంట పంపే మన పద్ధతి తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. ఆ భోజనంలో గుడ్లూ, మనం మైసూరుపప్పు అనే గింజలూ పెట్టడం వాడుక. దానికి తాల్ముద్ అనే యూదుల ప్రాచీన ధర్మగ్రంథం చెప్పే కారణాలలో ఒకటి నాకు చాలా ఇష్టం: మిగతా గింజలకు ఉన్నట్టు ఈ గింజకు నోరు లేదు, దుఃఖంలో ఉన్నవాడికీ నోరు లేదు.

మిమ్మల్ని కూర్చోమని ఎందుకు సైగ చేశారో ఇక్కడే తెలుస్తుంది. మన భాషలో పరామర్శకు వెళ్ళడాన్ని పలకరించడానికి వెళ్ళడం అంటాము, అంటే వెళ్ళినవాడే మాట మొదలుపెట్టాలని మన అలవాటు. వారి ఇంట దుఃఖితుడు నోరు విప్పేదాకా వచ్చినవారు నోరు విప్పకూడదు. బైబిలులోని యోబు గ్రంథంలో, సర్వమూ పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ అతనితోపాటు నేలమీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. ఈ నియమానికి ఆధారం ఆ ఘట్టమే. ఆ ఇంటినుంచి బయలుదేరేటప్పుడు మామూలు వీడ్కోలు మాటలు కూడా ఉండవు. సీయోను, యెరూషలేముల కోసం దుఃఖించేవారందరి నడుమ దేవుడు మిమ్మల్ని ఓదార్చుగాక అన్న ఒక్క వాక్యం పలికి వెళ్ళిపోతారు. మనవాళ్ళు కూడా చావు ఇంటినుంచి లేచేటప్పుడు వెళ్ళొస్తాను అనరు. మీరు చూసిన రబ్బీ మూల కూర్చుని మౌనంగా ఉండడం అశ్రద్ధ కాదు. ఆ గదిలో చేయవలసిన పనిని ఆయన అందరికంటె శ్రద్ధగా చేస్తున్నారు.

ఇక ఆ రబ్బీ ఎవరు? పురోహితుడు కాడు. యూదులకు పురోహితులు ఒకప్పుడు ఉండేవారు. కోహెన్ అనే వంశానికి చెందినవారు యెరూషలేములోని దేవాలయంలో బలులు అర్పించేవారు, ఆ అధికారం పుట్టుకతో వచ్చేది. సామాన్య శకం 70లో రోమన్ సైన్యం ఆ దేవాలయాన్ని ధ్వంసం చేసింది. బలిపీఠం పోయింది గనుక బలి ఇచ్చేవాడి అధికారమూ పోయింది. ఆ జాతి అక్కడితో చెదిరి కలిసిపోవలసినదే.

తాల్ముద్ చెప్పే కథ ప్రకారం, ముట్టడిలో ఉన్న యెరూషలేము నుంచి యోహానాన్ బెన్ జక్కయి అనే వృద్ధ పండితుణ్ణి ఆయన శిష్యులు శవపేటికలో పడుకోబెట్టి, చనిపోయాడని చెప్పి, కోట ద్వారం దాటించారు. ఆయన రోమన్ సేనాని వెస్పాసియన్ ఎదుట నిలబడ్డాడు. ఏమి కావాలో కోరుకొమ్మంటే ఆయన నగరాన్ని అడగలేదు, దేవాలయాన్ని అడగలేదు. యావ్నె అనే చిన్న ఊరినీ అక్కడి పండితులనూ తనకు విడిచిపెట్టమన్నాడు. ఇది అక్షరాలా జరిగిందా లేదా అన్న చర్చ చరిత్రకారులది. ఆ సమాజం తన నాయకత్వం ఎక్కడ పుట్టిందని తలుస్తున్నదో మాత్రం ఈ కథ స్పష్టంగా చెబుతుంది. తరువాతి రోజుల్లో పాడుబడిన దేవాలయాన్ని చూసి ఒక శిష్యుడు, మన పాపాలకు ప్రాయశ్చిత్తం జరిగే చోటే పోయిందే అని ఏడ్చినప్పుడు, ఈయనే అతన్ని ఓదార్చి, దానితో సమానమైన ప్రాయశ్చిత్తం మరొకటి మనకు ఉంది, అది మనుషుల పట్ల చేసే దయ అన్నాడట.

అప్పటినుంచీ యూదుల నాయకుడు బోధకుడు. రబ్బీ అన్న మాటకు అర్థమే నా గురువు అని. అతడు వంశం వల్ల కాక చదువు వల్ల ఆ స్థానానికి వస్తాడు. అమెరికాలో అయితే సభ్యులే ఒక సంఘంగా కూడి రబ్బీని నియమించుకుంటారు, జీతం ఇస్తారు, సరిపడకపోతే ఒప్పందం ముగిస్తారు. కొన్ని దేశాల్లో ప్రధాన రబ్బీ అనే పదవి ఉన్నా, ప్రపంచంలోని యూదులందరికీ పైన ఉండి శాసించే మతాధిపతి ఎవరూ లేరు. మీకు ఆశ్చర్యంగా తోచవచ్చు గాని, సినగాగ్‌లో, అంటే వారి ప్రార్థన మందిరంలో, రోజువారీ ప్రార్థన జరగడానికి రబ్బీ ఉండనక్కరలేదు. చదవడం వచ్చిన ఎవరైనా ముందు నిలబడి నడపవచ్చు, అలా నడిపేవారిని సమాజపు దూత అంటారు. ఉండవలసినది పదిమంది. ఆ పదిమంది కూడికను మిన్యాన్ అంటారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ పదిమందిలో ఉందని నా నమ్మకం. తల్లిదండ్రులు పోయిన యూదుడు పదకొండు నెలలపాటు రోజూ కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. ఆ ప్రార్థన అరమాయిక్ అనే ప్రాచీన భాషలో ఉంటుంది. దానిలో చావు ప్రసక్తి ఒక్క ముక్క కూడా లేదు, దేవుని నామం ఘనపరచబడుగాక అన్న స్తుతి తప్ప. అయితే దాన్ని ఒంటరిగా చెప్పకూడదు. చెప్పేవాడు ఒక వాక్యం ముగించగానే, చుట్టూ ఉన్నవారు ఆమేన్, ఆయన మహానామం సదా స్తుతింపబడుగాక అని బదులు పలకాలి. బదులు పలికే పదిమంది లేనిచోట కద్దిష్ లేదు. ఇది ఎంత లోతైన ఏర్పాటో ఆలోచించండి. దుఃఖంలో ఉన్నవాడు ఇంట్లో ముసుగు తన్ని పడుకోవాలనుకునే రోజున, తన తండ్రి కోసమే అతడు లేచి పదిమంది ఉన్నచోటికి నడవాలి. ఆ మిగతా తొమ్మిదిమందికి ఆ రోజు ఏ దుఃఖమూ లేకపోయినా, అతని కోసం చలిలో లేచి రావాలి. ఈ రోజు అతని వంతు, రేపు వారి వంతు.

తొమ్మిదిమంది పోగై పదో మనిషి కోసం ఎదురుచూడడం సినగాగ్‌లో అందరికీ అనుభవమే. ఎవరో ఒకరు వీధిలోకి వెళ్ళి వెతుకుతారు, ఫోన్లు చేస్తారు. రబ్బీ ఎలియెజెర్ ఒకనాడు సినగాగ్‌కు వెళ్ళి, పదిమంది లేరని గమనించి, తన బానిసకు స్వేచ్ఛ ఇచ్చి అతణ్ణి పదోవాడిగా నిలబెట్టాడని తాల్ముద్ చెబుతుంది. బానిసగా ఉన్నంతకాలం లెక్కకు రాని మనిషి, విడుదలై, ఆ సమాజానికి అవసరమైన మనిషి అయ్యాడు. పదో మనిషికి చదువు ఉందా, డబ్బు ఉందా, మంచి గొంతు ఉందా అని ఎవరూ అడగరు. అతడు రాకపోతే ప్రార్థన ఆగిపోతుంది. నువ్వు రాకపోతే మా పని ఆగుతుంది అని ఒక సమాజం తన అతి సామాన్యుడితో నిజంగా, మర్యాదకు కాక, చెప్పగలగడమే మీరు చూసిన ఆ తెరిచిన తలుపు వెనక ఉన్న బలం. ఆ బలం ఎండిపోకుండా చూడడమే రబ్బీ పని.

ఈ ఏర్పాటులో లోపం లేదని నేను అనను. ఆచారవాదుల మిన్యాన్‌లో పదిమందీ పురుషులే అయి ఉండాలి. తండ్రి పోయిన కూతురు లెక్కకు రాదు అన్న బాధ యూదు స్త్రీలు ఎందరో చెప్పుకున్నదే. సంస్కరణవాదులూ, కన్సర్వేటివ్ శాఖలో అత్యధికులూ స్త్రీలను కూడా లెక్కిస్తారు. బెర్లిన్‌కు చెందిన రెజీనా యోనాస్ 1935లో రబ్బీ పట్టం పొందిన తొలి మహిళ. నాజీలు ఆమెను తెరేసియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి తరలించినప్పుడు, అక్కడికి కొత్తగా వచ్చి బెదిరిపోయినవారిని కలిసి ధైర్యం చెప్పడం, ఉపన్యాసాలు ఇవ్వడం ఆమె తన పనిగా పెట్టుకున్నారు. 1944లో ఆమెను ఆష్విట్స్ శిబిరంలో చంపారు. మిన్యాన్‌లో లెక్కకు రాని స్త్రీ, తన చుట్టూ ఉన్నవారు లెక్కలోంచి జారిపోకుండా చివరిదాకా చూసుకున్నారు.

నాయకుడు తప్పు చేస్తే ఏమవుతుందన్నది మీరు అడగలేదు. అధ్యక్షులు కాబోతున్నారు గనుక నేనే చెబుతాను. యావ్నెలో యోహానాన్ తరువాత రబ్బాన్ గమలీయేలు నాయకుడయ్యాడు. బైబిలు చదివిన పాఠకులకు అపొస్తలుల కార్యాల్లోని గమలీయేలు తెలుసు, ఈయన ఆయనకు మనవడు. గొప్ప పండితుడు, మాట పట్టింపు మనిషి. రాత్రి ప్రార్థన తప్పనిసరా కాదా అన్న చర్చలో తనతో విభేదించిన రబ్బీ యెహోషువను ఆయన సభ మధ్య నిలబెట్టి, కూర్చోనివ్వకుండా, తన ఉపన్యాసం కొనసాగించాడు. సభ ఓర్చుకోలేదు. ఇంకెన్నాళ్ళు ఈయన ఆ పెద్దమనిషిని బాధపెడతాడని అందరూ గొంతెత్తి, ఆ రోజే గమలీయేలును పదవినుంచి దించి, ఎలియాజర్ బెన్ అజర్యా అనే యువకుణ్ణి ఆ స్థానంలో కూర్చోబెట్టారు. లోపలా బయటా ఒకే రకంగా లేని శిష్యుడు లోనికి రాకూడదని గమలీయేలు కాలంలో ద్వారం దగ్గర ఒక కాపలాదారు ఉండేవాడు. ఆ కాపలాదారును కూడా ఆ రోజే తీసేశారు. వచ్చినవారి కోసం నాలుగు వందల బల్లలు అదనంగా వేయవలసి వచ్చిందని ఒకరు, ఏడు వందలని మరొకరు చెప్పారు. పదవి పోయిన గమలీయేలు అలిగి ఇంటికి పోలేదు. ఆ రోజంతా అదే సభలో, మామూలు మనిషిగా కూర్చున్నాడు. ఆ కొత్త బల్లలను చూసి, ఇంతమందిని నేను చదువుకు దూరం చేశానా అని కుమిలిపోయాడు.

తరువాత క్షమాపణ కోరడానికి ఆయన యెహోషువ ఇంటికి వెళ్ళాడు. గోడలు నల్లగా మసిబారి ఉన్నాయి. మీ ఇంటి గోడలు చూస్తే మీరు బొగ్గుల పని చేస్తారని తెలుస్తోంది అన్నాడు. దానికి యెహోషువ ఇచ్చిన జవాబు, ఏ సంఘానికి అధ్యక్షుడయ్యేవారైనా రోజుకొకసారి తలచుకోదగినది: నువ్వు నాయకుడిగా ఉన్న తరానికి అయ్యో, చదువుకున్నవాళ్ళు ఎట్లా బతుకుతున్నారో, ఏమి తింటున్నారో నీకు తెలియదే! ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని వాదించుకున్న మనిషి ఏ పని చేసి పొట్ట పోసుకుంటున్నాడో గమలీయేలుకు అప్పటిదాకా తెలియదు. ఆయన తల వంచి మన్నించమన్నాడు, చివరకు వారిద్దరూ కలిశారు. ఇద్దరు పేద పండితులను ఒక పదవిలో నియమించబోగా వారు వెనకాడారని, అప్పుడు ఇదే గమలీయేలు, మీకు పెత్తనం ఇస్తున్నానని అనుకుంటున్నారా, నేను ఇస్తున్నది దాస్యం అన్నాడని తాల్ముద్‌లో మరోచోట ఉంది. పెత్తనం తలకెక్కి కింద పడ్డ మనిషి నోటినుంచి వచ్చినందువల్ల ఆ మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మీ సొంత దుఃఖానికి దగ్గరగా ఉన్న మరొక నాయకుణ్ణి మీకు పరిచయం చేయాలి. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడెస్‌కు దావీదు అనే తమ్ముడు ఉండేవాడు. అతడే వ్యాపారం చేసి కుటుంబాన్ని పోషిస్తూ, అన్నను చదువుకోనిచ్చేవాడు. ఆ తమ్ముడు సరుకు తీసుకుని మన దేశానికి బయలుదేరి, హిందూ మహాసముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. శవం లేదు, సమాధి లేదు, చివరి చూపు లేదు. ఆ వార్త విన్న మైమోనిడెస్ జ్వరంతో, దిగులుతో దాదాపు ఏడాదిపాటు మంచం పట్టాడు. ఎనిమిదేళ్ళు గడిచాక కూడా, అతని చేతిరాత కంటబడితే గుండె తలకిందులవుతుంది అని ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. లోకానికి ధర్మశాస్త్రం క్రోడీకరించి ఇచ్చిన మనిషి, తన దుఃఖం ఇంకా తీరలేదని రాతపూర్వకంగా ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. మీరు కూడా ఏడాది కావస్తోంది గదా అని మీ దుఃఖాన్ని దాచుకోనక్కరలేదు.

ఆ తరువాత ఆయన వైద్యం వృత్తిగా చేసుకుని ఈజిప్టులోని ఫుస్తాత్‌లో జీవించాడు. 1199లో రాసిన ఒక లేఖలో తన దినచర్యను వర్ణించాడు. పొద్దున్నే కైరోలోని సుల్తాను ఆస్థానానికి వెళ్ళడం, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరడం, వాకిలి నిండా యూదులూ ఇతరులూ, మిత్రులూ శత్రువులూ రోగులుగా వేచి ఉండడం, రాత్రి అలసటతో పడుకునే మందులు చెప్పడం. ఇక విశ్రాంతి దినమైన షబ్బత్ నాడు, ఉదయ ప్రార్థన ముగిశాక సమాజంలో ఎక్కువమంది ఆయన ఇంటికి వచ్చేవారు. రాబోయే వారమంతా ఏమేమి చేయాలో చెప్పించుకుని, మధ్యాహ్నందాకా కలిసి చదువుకునేవారు. అంతకు ముందు, 1172 ప్రాంతంలో, బలవంతపు మతమార్పిడితో ఒకవైపు, తానే రక్షకుణ్ణని చెప్పుకునే ఒక మోసగాడితో మరోవైపు నలిగిపోతున్న యెమెన్ యూదులు ఆయనకు ఉత్తరం రాశారు. ఆయన సమాధానాన్ని పండితుల హీబ్రూలో కాక, స్త్రీలూ పిల్లలూ సహా అందరికీ తెలిసే అరబ్బీలో రాసి, ప్రతి ఊరికీ నకలు పంపమని కోరాడు. ఎప్పుడూ చూడని ఆ మనిషి పేరును యెమెన్‌వారు తమ కద్దిష్ ప్రార్థనలో చేర్చుకున్నారు. దూరంనుంచి అడిగిన ప్రశ్నకు గురువు ఉత్తరంలో జవాబు రాయడం యూదుల్లో వెయ్యేళ్ళు దాటిన సంప్రదాయం, అటువంటి జవాబులతో గ్రంథాలయాలే నిండాయి. ఈ శీర్షిక రాయడానికి కూర్చునే ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తుకు వస్తుంది.

రబ్బీయే లేకపోతే సమాజం నిలుస్తుందా అన్నదానికి సాక్ష్యం మన దేశంలోనే ఉంది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయేల్ యూదులు శతాబ్దాలపాటు రబ్బీలు లేకుండా, చేతిలో హీబ్రూ గ్రంథాలు లేకుండా, గానుగ ఆడించుకుని బతికారు. శనివారం గానుగ ఆపేవారు గనుక చుట్టుపక్కలవారు వారిని శనివార్ తేలీ, అంటే శనివారపు నూనెవాళ్ళు అనేవారు. దేవుడొక్కడే అని చెప్పే షెమా అనే చిన్న ప్రార్థన, సున్నతి, షబ్బత్, కొన్ని ఆహార నియమాలు వారికి మిగిలాయి. పెళ్ళికీ పుట్టుకకూ కాజీ అనే పెద్ద ఒకరు ఊరూరూ తిరిగి వచ్చేవాడు. కొచ్చిన్ యూదులు వచ్చి వారికి హీబ్రూ ప్రార్థనలు నేర్పారు, 1796లో బొంబాయిలో వారి తొలి సినగాగ్ వెలిసింది. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కూడా తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. వారూ తమలోని పెద్దల చుట్టూనే కూడి, షబ్బత్ దీపాలు వెలిగించుకుంటున్నారు.

ఇక మీ సంఘం. అధ్యక్ష పదవికి ఒప్పుకునే ముందు సభ్యులందరూ నిజంగా అడుగుతున్నారో, నలుగురు మాత్రమే అడుగుతున్నారో కనుక్కోండి. సమాజాన్ని సంప్రదించకుండా దానిపై నాయకుణ్ణి నియమించకూడదని తాల్ముద్ వాక్యం. ఎడారిలో ఆరాధన గుడారం కట్టడానికి బెసలేలు అనే పనివాణ్ణి దేవుడే ఎంచుకున్నా, ప్రజలకు అతడు సమ్మతమేనా అని వారి నాయకుడైన మోషేను అడగమన్నాడట. ఒప్పుకున్నాక, అన్నీ మీరే మోయకండి. పొద్దుటినుంచి రాత్రిదాకా ఒంటరిగా తగువులు తీరుస్తున్న మోషేను చూసి మామగారైన యిత్రో, నువ్వు చేసేది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని మందలించి, వేయిమందికీ నూరుమందికీ యాభైమందికీ పదిమందికీ వేర్వేరు పెద్దలను పెట్టించాడు. నిర్గమకాండం 18వ అధ్యాయంలో ఉన్న ఈ సలహాలో చివరి అంకె పదిమంది అన్నది గమనించండి. పదిమంది గురించి ఒక మనిషికి పూర్తిగా తెలియగలదు. ఎవరి అమ్మకు బాగాలేదో, ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరి వీసా ఇబ్బందిలో ఉందో. మీ సభ్యులను పదేసి కుటుంబాలుగా చేసి, ప్రతి పదింటికీ ఒకరిని, వీలైతే ఒక స్త్రీని, బాధ్యులుగా పెట్టండి. ఉగాదికీ సంక్రాంతికీ వేదిక అలంకరించేవారు కాక, మసిబారిన గోడలు చూసివచ్చేవారు మీకు కావాలి.

మిన్యాన్‌ను మీరు అరువు తెచ్చుకోనక్కరలేదు. మన ఊళ్ళలో చావు కబురు తీసుకుని మనిషే వెళ్ళేవాడు, సందేశం వెళ్ళేది కాదు. పోయాక మోయడానికి నలుగురు కావాలి అన్న మాట మన ప్రతి ఇంట్లో ఉంది. మోసే నలుగురి గురించి మన భాష అంత గట్టిగా చెప్పింది గాని, మోసివచ్చాక మిగిలినవారి పక్కన పదకొండు నెలలు ఎవరు కూర్చుంటారన్నది ఊరికి వదిలేసింది, ఎందుకంటే అప్పుడు ఊరు పక్కనే ఉండేది. మీకు అక్కడ ఊరు లేదు. దేశం దాటి వచ్చినవారి ఇంట అంత్యక్రియ జరగదు, మనిషి విమానం ఎక్కి వెళ్ళి, వారం రోజులకు తిరిగి వచ్చి సోమవారం ఆఫీసుకు వెళతాడు, చుట్టూ ఎవరికీ ఆ దుఃఖం కనబడదు. కాబట్టి మీ సంఘం పెట్టుకోవలసిన మొదటి నియమం ఇదని నా అభిప్రాయం: స్వదేశంలో అమ్మానాన్నలను పోగొట్టుకుని తిరిగి వచ్చినవారి ఇంటికి, వచ్చిన మర్నాటినుంచి ఏడు సాయంత్రాలు, రోజుకు కనీసం ఇద్దరు వెళ్ళి కూర్చోవాలి. ఎవరు ఏ రోజు వెళ్ళాలో దుఃఖంలో ఉన్నవారిని అడగకూడదు, ఆ జాబితా బాధ్యులే రాసుకోవాలి. అధ్యక్షుడిగా మీరు ఏడు రోజులూ వెళ్ళి, ఆ రబ్బీ కూర్చున్నట్టే ఒక మూల కూర్చోండి. మీకు వచ్చిన మూడు వందల సందేశాలు పంపినవారిలో చాలామందికి మనసు లేక కాదు, వెళ్ళవచ్చునో లేదో తెలియక, ఇబ్బంది పెడతామేమోనని ఆగి ఉంటారు. నియమం ఉంటే ఆ సంకోచం తీరుతుంది.

పక్కింటివారి విషయంలో మీరు చేయవలసినది ఇంకా ఉంది. ఏడు రోజులు ముగిశాక మనుషుల రాక తగ్గుతుంది, ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఇప్పుడు వెళ్ళండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బత్ గనుక ఆ సమయం వద్దు. మీ పొరుగాయన మాట్లాడేదాకా ఆగి, మాట్లాడాక వాళ్ళ నాన్నగారి గురించి అడగండి. పోయినవారి పేరు ఎత్తడానికి జంకకండి, ఆయన వినాలనుకునేది ఆ పేరే. రబ్బీ ఎదురైతే రబ్బీ అని పిలిస్తే చాలు, పాదాలకు నమస్కరించబోకండి, అది వారికి ఇబ్బంది.

మీ అమ్మగారి సాంవత్సరికం దగ్గర పడుతున్నట్టుంది. యూదులు కూడా పోయినవారిని ఏటా వారి పంచాంగం ప్రకారమే తలచుకుంటారు. ఆ రోజును యార్ట్‌సైట్ అంటారు, ఇరవై నాలుగు గంటలు వెలిగే దీపం పెడతారు. వారి నెలలు కూడా చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి, వారికీ అధికమాసం ఉంది. అందుచేత తిథి ఏటా తేదీ మారుతుందని మీ పొరుగాయనకు మీరు వివరించనక్కరలేదు. కర్మ జరిగే చోటికి ఆయనను పిలవకండి, మరో మతపు పూజలో కూర్చోవడానికి ఆయన ఆచారం ఒప్పదు. ఆ సాయంత్రం మీ సంఘంలోని పదిమందిని ఇంటికి పిలిచి, ఆయననూ రమ్మనండి. అమ్మగారి ఫోటో పెట్టి, ఆవిడ ఎలాంటి మనిషో, ఏమి వండేవారో, మిమ్మల్ని అమెరికా పంపిన రోజున ఏమన్నారో చెప్పండి. నిరుడు మీ ఇంటికి వచ్చిన ఆ ఇద్దరినీ ముందు పిలవండి. తిథి ఏ రోజు పడిందో ఇప్పుడే పంచాంగం చూడండి. శనివారమైతే చీకటి పడ్డాక కూడండి, షబ్బత్ ముగించుకుని ఆయన నాలుగడుగులు నడిచి వస్తారు. పండ్లు మాత్రం కోయకుండా పళ్ళెంలో పెట్టండి.